పచ్చళ్ల పార్సిల్: రేటు అడిగేముందు పెట్టె కొలవండి

ఎండాకాలంలో జాడీలు నిండగానే ఇంటింటా మొదలయ్యే ప్రశ్న ఒకటే: ఏ కొరియర్ చవక? దీనికి ఒక్క పేరు చెప్పి ఊరుకునేవాళ్ల మాట నమ్మకండి. విజయవాడ నుంచి హైదరాబాదుకి చవకగా పడేది బెంగళూరుకి ప్రియం కావచ్చు. మీ వీధి కౌంటర్లో మనిషి ఎంత మంచివాడైనా, పార్సిల్ ఇచ్చేది అవతలి ఊళ్లో ఇంకో మనిషి. పైగా బిల్లు ఎంతవుతుందో సగం తేల్చేది మీరు ఎంచుకున్న అట్టపెట్టే. అందుకే ముందు పెట్టె సంగతి.

ప్రైవేటు కొరియర్లు, అందులోనూ విమానంలో పంపేవాళ్లు, రెండు తూకాలు చూస్తారు. కాటా మీద పడేది ఒకటి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, మామూలుగా 5000తో భాగిస్తే వచ్చేది రెండోది. కౌంటర్లో దీన్ని వాల్యూమ్ వెయిట్ అంటారు. ఏది ఎక్కువైతే దానికే డబ్బు. అంటే పెట్టెలో ప్రతి 5 లీటర్ల చోటుకీ కిలో లెక్క కట్టినట్టు. 5 కిలోల పచ్చడిని 40×30×20 పెట్టెలో పెడితే 4.8 వస్తుంది, కాటా బరువే నడుస్తుంది. అదే పచ్చడిని ఇంట్లో పడున్న 45×40×35 పెట్టెలో పెట్టి చుట్టూ పేపర్లు కుక్కితే 12.6. సరుకు అదే, బిల్లు రెండున్నర రెట్లు.

ఇందులోనే ఒక లాభం కూడా ఉంది. పచ్చడి కిలోకి దాదాపు లీటరు చోటే పడుతుంది. జంతికలు, చేగోడీలు అలా కాదు, కాటా మీద తేలిపోతాయి, పెట్టెలో మాత్రం చోటంతా ఆక్రమిస్తాయి. రెండింటినీ వేర్వేరు పెట్టెల్లో పంపితే జంతికల పెట్టెకి గాలికి డబ్బు కట్టాలి. 3 కిలోల పచ్చడి అడుగున, 2 కిలోల జంతికలు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పైన పెట్టి, 24 లీటర్ల పెట్టెలో సర్దితే చోటూ బరువూ సరిపోతాయి.

పెట్టె ఉబ్బకుండా చూసుకోండి. 30×30×27 పెట్టె 4.86 కిలోలు. ఎక్కువ కుక్కి రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు ఉబ్బిందనుకోండి, కొలిచేవాడు ఉబ్బిన చోటే కొలుస్తాడు. 32×30×27 అంటే 5.18, అయిదు కిలోలు దాటి పై స్లాబు, అంటే పై బరువు మెట్టు రేటు పడింది. మూత వేసి టేపు అంటించాక మీరే కొలిచి, కాటా మీద పెట్టి అంకె కనపడేలా ఫోటో తీసుకోండి. హబ్‌లో (పార్సిళ్లు వేరుచేసే కేంద్రంలో) మళ్లీ తూచి తేడా వచ్చిందంటే మాట్లాడటానికి అదొక్కటే ఆధారం.

ఇక ఎవరి చేతికివ్వాలి? రెండు తెలుగు రాష్ట్రాల లోపలైతే, అవతల బస్టాండుకి వెళ్లి తెచ్చుకునే మనిషి ఉంటే, నా ఓటు ఆర్టీసీ కార్గోకే. సాయంత్రం బస్సులో వేస్తే చాలా ఊళ్లకి తెల్లారేసరికి చేరుతుంది, మధ్యలో చేతులు మారేది తక్కువ. తీసుకునేవాళ్లకి రసీదు నంబరు ముందే పంపండి, గుర్తింపు కార్డు తీసుకెళ్లమనండి. కౌంటర్లో ఎన్నాళ్లు ఉంచుతారో, ఆలస్యమైతే అదనంగా ఎంతో బుక్ చేసేటప్పుడే అడగండి. ఇంటికే చేరాలి, అదీ పల్లెటూరికి అంటే స్పీడ్ పోస్ట్. దేశంలో లక్షన్నరకి పైగా పోస్టాఫీసులున్నాయి, ప్రైవేటువాళ్లు పోని ఊళ్లకి కూడా పోస్ట్‌మ్యాన్ పోతాడు. 35 కిలోల దాకా తీసుకుంటారు. నగరం నుంచి నగరానికైతే ప్రైవేటు కొరియర్లు బాగానే ఉంటాయి. కానీ "ఆ ఊరికి వెళ్తుందా" అని అడగొద్దు, వెళ్తుందనే అంటారు. పిన్‌కోడ్ చెప్పి, ఇంటిదాకా డెలివరీ ఉందో లేదో కంప్యూటర్లో చూడమనండి. డెలివరీ పరిధి దాటిన ఊరైతే అదనపు చార్జీ పడుతుంది, లేదా దగ్గరి పట్నంలో పెట్టి వచ్చి తీసుకోమంటారు. చెప్పిన రేటులో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా అక్కడే తేల్చుకోండి.

గురు, శుక్రవారాల్లో పంపితే ఆదివారం గోడౌన్లో కూర్చుంటుంది. సోమ, మంగళవారాలు మంచివి. మే ఎండలో బెల్లం పాకంతో చేసినవి పంపకపోవడమే మేలు.

ప్యాకింగులో అసలు కష్టం నూనెది. పెట్టిన రోజే ఆవకాయ పంపకండి. మూడో రోజు తిరగకలిపి, ఊట తేరాక కట్టండి. పైన తేలే నూనె తగ్గించి పెడితే వాళ్లు అక్కడ కలుపుకుంటారు. గాజు సీసా వద్దు. పెట్ (పల్చటి ప్లాస్టిక్) సీసా మూత దారిలో కుదుపులకి వదులవుతుంది. మందపాటి ఫుడ్ గ్రేడ్ పౌచ్, వేడి సీలు, ఇదే నమ్మకం.

చాలా సీళ్లు మిషను తప్పువల్ల ఊడవు, సీలు పడే చోట అంటిన నూనె చుక్కవల్ల ఊడతాయి. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, మీద బరువు పడగానే విచ్చుకుంటుంది. అందుకే నింపేముందు పౌచ్ మూతిని చొక్కా చేయి మడిచినట్టు నాలుగు వేళ్ల వెడల్పు బయటికి మడవండి. పచ్చడి వేసి, మడత విప్పి, లోపలి అంచుని టిష్యూతో తుడిచి, అరచేత్తో గాలి తీసి, సెంటీమీటరు ఎడంతో రెండు సీళ్లు వేయండి. దాన్ని ఇంకో పౌచ్‌లో పెట్టి అదీ సీలు చేయండి. రాత్రంతా న్యూస్‌పేపర్ మీద తలకిందులుగా పెట్టి పైన కిలో బియ్యం ప్యాకెట్టు ఉంచితే, పొద్దున పేపరు మీద మరక ఉందో లేదో చూసి పంపొచ్చు.

పెట్టె అయిదు పొరలది తీసుకోండి. టేపు మధ్య అతుకు మీద ఒక్కటే వేస్తే చాలదు, రెండు చివరల అంచుల మీదా వేయాలి, పైనా కిందా. ఊపితే లోపల ఏదీ కదలకూడదు. పాత పెట్టె వాడితే పాత స్టిక్కర్లు, బార్‌కోడ్లు పూర్తిగా పీకేయండి. స్కానర్ పాత బార్‌కోడ్ చదివితే పార్సిల్ ఇంకో దారి పడుతుంది. పిన్‌కోడ్ ఒకటికి రెండుసార్లు చూడండి: 520 విజయవాడ వైపు, 530 విశాఖ వైపు. ఒక్క అంకె తేడా. చిరునామా, ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన చీటీ ఒకటి పెట్టె లోపల కూడా వేయండి. పైన లేబుల్ తడిసినా చినిగినా అది పనికొస్తుంది.

అమెరికాకి పంపేవాళ్లు అడగాల్సినవి మరికొన్ని. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29న ఎత్తేశారు. కాబట్టి ఏజెంటు కిలోకి ఇంత అన్నప్పుడు, సుంకం అందులో ఉందా, అవతల పిల్లలు కట్టాలా అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. చికెన్, మటన్ పచ్చళ్లు, పచ్చి కరివేపాకు పెట్టకండి, పట్టుకుంటే పారేస్తారు. మీ ఆధార్ వంటి గుర్తింపు పత్రం అడుగుతారు, అది మామూలే. ఏజెంటు ఇచ్చే సొంత నంబరుతో ఆగకండి, చివరికి పార్సిల్ మోసే కంపెనీ ఎయిర్‌వే బిల్లు నంబరు, అంటే పార్సిల్ ఎక్కడుందో చూసుకునే నంబరు, తీసుకోండి. సరుకు ఆగిపోయినప్పుడు ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఏజెంటు నంబరు వాళ్ల దగ్గర దొరకదు.

పార్సిల్ ఆగింది, అయిదు రూపాయలు కట్టండి అంటూ లింకు వస్తే ముట్టుకోవద్దు, రసీదు మీది నంబరుతో కంపెనీ సైట్లోనే చూసుకోండి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బుక్ చేసేటప్పుడు సరుకు విలువ రసీదులో రాయించండి. చాలా రసీదుల వెనక నష్టపరిహారం పరిమితి అచ్చేసి ఉంటుంది, విలువైన వస్తువైతే ఇన్సూరెన్స్ విడిగా అడగాలి. అందుకునేవాళ్లకి పెట్టె తడిసినట్టో నొక్కుకుపోయినట్టో కనిపిస్తే, సంతకం పక్కన ఆ మాట రాసి, విప్పేటప్పుడు మొదటినుంచీ వీడియో తీయమనండి. కంపెనీ పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.