మెరిసే స్ఫటికం, మొరాయించే దీపం

పెరోవ్‌స్కైట్ అనగానే బరంపురంలో సైన్సు చదివే మన పిల్లలకు ఛత్రపురం ఇసుకలోని టైటానియం గుర్తుకు రావడం సహజమే, ఎందుకంటే ఆ పేరు మొదట 1839లో ఉరల్ పర్వతాలలో గుర్తించిన కాల్షియం టైటనేట్ ఖనిజానిది. ఎల్‌ఈడీల కోసం తయారుచేస్తున్న పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు (కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలు) ఆ ఖనిజం నుంచి తీసుకున్నది పరమాణువుల అమరికను మాత్రమే. వాటిలో ఉండేవి సీజియం, సీసం, హాలోజన్లు.

2015లో జూరిచ్‌లోని రసాయన శాస్త్రవేత్త కొవలెంకో బృందం ఈ స్ఫటికాలను ద్రావణంలో తయారుచేసి, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అనే హాలోజన్ల పాళ్లు మారిస్తే 410 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు, అంటే ఊదా నుంచి ఎరుపు దాకా, కోరిన రంగు వస్తుందని, గ్రహించిన ఫోటాన్లలో (కాంతి కణాలలో) 90 శాతం వరకు తిరిగి వెలువడతాయని చూపింది. సీసాలో ఇంతగా మెరిసేది దీపంలో ఎందుకు మొరాయిస్తుందన్న ప్రశ్నకు జవాబు స్ఫటికం ఉపరితలంలో ఉంది. పులిహోర అన్నానికి నూనె పట్టించినట్టు, కణాలు ముద్దకట్టకుండా వాటికి ఒలీయిక్ ఆమ్లం, ఒలైల్‌ఎమీన్ పట్టిస్తారు. పద్దెనిమిది కార్బన్ల ఈ గొలుసులు విద్యుత్తును సాగనివ్వవు. పోనీ కడిగివేద్దామంటే, వదులుగా అంటుకున్న అణువులు స్ఫటికంలోని హాలైడ్‌ను (హాలోజన్ అయాన్‌ను) కూడా వెంటబెట్టుకుని పోతాయి. ఆ ఖాళీలలో చిక్కిన ఎలక్ట్రాన్ల శక్తి వెలుగుగా మారకుండా వేడిగా వృథా అవుతుంది. అందుకే పొట్టి గొలుసులున్న అమ్మోనియం బ్రోమైడ్ లవణాలను, ధన రుణావేశాలు రెండూ ఒకే అణువులో ఉండి గట్టిగా పట్టుకునే లిగాండ్లను (ఉపరితలాన్ని అంటుకునే అణువులను) వాడుతున్నారు. 2018లో జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయం వారు అమ్మోనియం అయోడైడ్ లవణాలతో స్ఫటికంలో బ్రోమిన్ స్థానంలో అయోడిన్‌ను చేర్చి, ఎరుపు దీపంలో 21.3 శాతం బాహ్య క్వాంటం సామర్థ్యం (దీపంలోకి పంపిన ఎలక్ట్రాన్లతో పోలిస్తే బయటికి వచ్చే ఫోటాన్ల పాలు) సాధించారు.

నా మట్టుకు నేను ఈ శాతాలకన్నా, వెలుగు సగానికి తగ్గేలోపు దీపం ఎన్ని గంటలు నిలిచిందో ముందు చూస్తాను. ఇవి అయానిక స్ఫటికాలు, తేమకు తట్టుకోలేవు. గోపాల్‌పూర్ వైపు నుంచి వీచే మన వానాకాలపు గాలిలో ఆరుబయట పూత వేయడం దండగ, నత్రజని నింపిన పెట్టెలో వేసి గాలి చొరకుండా మూసి సీలు వేయవలసిందే.

ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది నీలం. నీలం కోసం క్లోరిన్, బ్రోమిన్ కలిపితే విద్యుత్ క్షేత్రంలో అయాన్లు కదిలి వేరుపడి, రంగు ఆకుపచ్చవైపు జారుతుంది. బ్రోమిన్ ఒక్కటే ఉంచి కణాన్ని బాగా చిన్నది చేసినా నీలం వస్తుంది, ఈ బాధ తప్పుతుంది కానీ, కణం చిన్నదయ్యే కొద్దీ ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం పెరుగుతుంది, దానితో లిగాండ్ల చిక్కు కూడా పెరుగుతుంది.