పచ్చ అంటే ఏ పచ్చ

ఆదివారం, అమలాపురం.

పొద్దున్న ఆరింటి నుంచి కరెంటు లేదు. వాయుగుండమట. దసరా సెలవులకి వచ్చి నాలుగు రోజులైంది, నాలుగు రోజులూ వానే. పెరట్లో కొబ్బరిచెట్ల మొదళ్లలో నీళ్లు నిలబడ్డాయి. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఇంట్లో ఉన్న మూడు ఫోన్లూ ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. చిన్నాడు వీధి అరుగు మీదకి వెళ్లి చూసి రావడం, "అమ్మా, బోరు" అనడం. ఐదోసారికి వాళ్లక్క బ్యాగు అడుగు నుంచి ఊనో అనే రంగు ముక్కల ఆట డబ్బా తీసింది.

నా గుండె జారింది. అమ్మ ఎదురుగా ముక్కలు తీయాలంటే నాకు నలభై ఏళ్లొచ్చినా భయమే. మా చిన్నతాత మూడు ముక్కలాటలో రెండెకరాల కొబ్బరితోట పోగొట్టుకున్నాడు. ఆ తోట మీదుగా బస్సు వెళ్లినప్పుడల్లా అమ్మ మొహం అటు తిప్పుకుంటుంది. అందుకే సంక్రాంతికి ఊరంతా ఆడినా మా ఇంట్లో మాత్రం పేక దిగలేదు. మా ఆయన ఒకసారి, పెళ్లయిన కొత్తల్లో, "అత్తయ్యగారూ, రమ్మీ బుర్ర పెట్టి ఆడే ఆటేనని సుప్రీంకోర్టు అరవైల్లోనే చెప్పిందండీ, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే" అన్నారు. "సుప్రీంకోర్టువారు మా ఊరు రాలేదులెండి" అంది అమ్మ. ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇవాళ మాత్రం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ, చాప మీద పరిచిన రంగుల వైపు చూసింది.

"ఇందులో రాజూ రాణీ ఉన్నారా?"

"లేరమ్మా."

"డబ్బులు పెడతారా?"

"పెట్టం."

"అయితే ఇది పేకాట కాదు," అని చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి చాప మీదకి జరిగింది. ఇంతకాలం మేం భయపడింది దేనికో నాకు అర్థం కాలేదు.

ముందు ముక్కలు లెక్కపెట్టాం. 108 ఉండాలి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కో రంగుకీ పాతికేసి. సున్నా ఒకటే ఉంటుంది, ఒకటి నుంచి తొమ్మిది దాకా రెండేసి. మిగతావి పేచీ ముక్కలు: పక్కవాడి వంతు ఎగిరిపోయే స్కిప్, ఆట వెనక్కి తిరిగే రివర్స్, పక్కవాడికి రెండు అంటగట్టే ప్లస్ టూ, ఇవీ రంగుకి రెండేసే. ఇంకో ఎనిమిది నల్ల ముక్కలు. వాటిలో నాలుగు ఉత్తినే రంగు మార్చేవి, నాలుగు రంగు మార్చి పక్కవాడికి నాలుగు ముక్కలిచ్చే ప్లస్ ఫోర్లు. మాకు 107 వచ్చాయి. ఆకుపచ్చ ఏడు ఒకటి పోయి రెండేళ్లయింది. దాని బదులు మా పిల్ల ఎవరిదో పెళ్లి శుభలేఖ కత్తిరించి పచ్చ స్కెచ్ పెన్నుతో ఏడు వేసిపెట్టింది. వెనకవైపు సగం వినాయకుడి బొమ్మ. ఎవరి చేతిలో ఉందో అందరికీ కనబడుతుంది. ఆ ముక్క వచ్చినవాళ్ల పని సగం అయిపోయినట్టే.

చెమ్మకి ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఆయన క్యారమ్‌బోర్డు పౌడరు కాస్త అద్దారు. ముక్కలు కలిపే తీరు చూసి అమ్మ నావైపు ఒక చూపు చూసింది. అల్లుడికి ఇంత చేయి తిరిగి ఉందా అని. నేను వాన వైపు చూశాను.

మనిషికి ఏడు ముక్కలు. మిగిలింది మధ్యలో బోర్లా. పైది తీసి తిరగేస్తే నీలం నాలుగు. దాని మీద నీలం ఏదైనా వేయొచ్చు, ఏ రంగు నాలుగైనా వేయొచ్చు, నల్ల ముక్క వేయొచ్చు. ఏదీ లేకపోతే మధ్యలోంచి ఒకటి తీసుకోవాలి, అది పడేదైతే అప్పుడే వేసేయొచ్చు. చేతిలో ముందు ఎవరివి అయిపోతే వాళ్లు గెలిచినట్టు. ఇది చెప్పడానికి పిల్లకి రెండు నిమిషాలు పట్టింది. అమ్మ వాటికి అప్పటికప్పుడు పేర్లు పెట్టేసుకుంది. రివర్స్ మీద బాణాలు రెండూ గుండ్రంగా తిరుగుతున్నట్టు ఉంటాయి కదా, అది తిరగలి. స్కిప్ మీద గుండ్రంలో అడ్డగీత, కాబట్టి అడ్డం. నల్లవి నల్లవే. ఒక్క ముక్క మిగిలినప్పుడు "ఊనో" అని అరవాలి, స్పానిష్‌లో ఒకటి అని అర్థం అంటే, "ఒకటి అనడానికి స్పానిష్ దేనికే, ఒంటి అంటాను" అంది. అరవడం మరిచిపోయి, పక్కవాళ్లు వేసేలోగా ఎవరైనా పట్టుకుంటే రెండు ముక్కలు జరిమానా.

అమ్మకి ఎడమ పక్కన ఆయన, తర్వాత పిల్ల, నేను, చిన్నాడు, మళ్లీ అమ్మ. ఇలా ఎందుకు కూర్చున్నామో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

మొదటి గొడవ ప్లస్ టూ దగ్గర. ఆయన ప్లస్ టూ వేశారు. పిల్ల దాని మీద ప్లస్ టూ వేసింది. నా దగ్గరా ఒకటి ఉంది, వేశాను. చిన్నాడి దగ్గర లేదు. ఆరు ముక్కలు. వాడి కింది పెదవి వణికింది. మా ఇంట్లో ఎప్పుడూ ఆడేది ఇలాగే, హైదరాబాదులో మా అపార్టుమెంటు పిల్లలందరూ ఆడేదీ ఇలాగే. అమ్మ మాత్రం, "ఆ డబ్బాలో కాగితం ఏదో ఉందిగా, చదవండి" అంది. జీవితంలో మొదటిసారి ఆ కాగితం మడత విప్పాం. ఒకదాని మీద ఒకటి పేర్చడం అందులో లేనే లేదు. ప్లస్ టూ పడినవాళ్లు నోరు మూసుకుని రెండు తీసుకుని, వంతు వదులుకోవాలి. 2019లో ఆ కంపెనీవాళ్లు ఇదే సంగతి సోషల్ మీడియాలో పెడితే, మా ఇంట్లో రూలే రూలు అని ప్రపంచమంతా వాళ్ల మీద విరుచుకుపడింది. నేనూ అప్పుడు నవ్వుకుని వదిలేశాను. ఇవాళ అమ్మ తీర్పు చెప్పింది: పిల్లాడి ఆరూ వెనక్కి, పిల్ల రెండు తీసుకోవాలి. పిల్ల, "అమ్మమ్మా, నీకు తమ్ముడంటేనే ఇష్టం" అంది. అది నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ కాగితంలోనే ఇంకోటి బయటపడింది. ప్లస్ ఫోర్ ఎప్పుడు పడితే అప్పుడు వేయకూడదట. కింద ఉన్న రంగు మన చేతిలో ఒక్కటి కూడా లేకపోతేనే వేయాలి. ఉండి వేస్తే తొండి. ఆ నాలుగూ తీసుకోవాల్సినవాడికి అనుమానం వస్తే నిలదీయొచ్చు. అప్పుడు ముక్కలు వాడికి చూపించాలి. తొండి అని తేలితే వేసినవాళ్లే నాలుగు తీసుకోవాలి, కాదని తేలితే అడిగినవాడికి నాలుగు కాదు, ఆరు. ఇన్నేళ్లూ మేం ఈ ముక్కని గునపంలా వాడాం. నిజానికి అది చీట్ల పేకలో బ్లఫ్ లాంటిది, మొహం దాచుకోవడం రావాలి. ఆటలో ఇంత రసం ఉందని కాగితం చదివితే గానీ తెలియలేదు.

రెండో గొడవ దగ్గరే నాకు ఈ డైరీ రాయాలనిపించింది.

అమ్మకి నల్ల ముక్క వచ్చింది, ఉత్తి రంగు మార్చేది. వేసి, "పచ్చ" అంది. ఆయన ఆకుపచ్చ ఆరు వేశారు. అమ్మ పెద్దమనిషి తరహాలో కాసేపు ఊరుకుని, "అది కాదు బాబూ, నేను పచ్చ అడిగాను" అంది.

"ఇది పచ్చే కదండీ?"

"అది ఆకుపచ్చ. నేనన్నది పచ్చ."

పిల్లలిద్దరూ ఒక్కసారే "పచ్చంటే గ్రీనే!" అని లేచారు. అమ్మ తన పాదాలు ముందుకి చాపింది. మహర్నవమికి రాసుకున్న పసుపు ఇంకా అంచుల్లో ఉంది. "ఇది ఏ రంగు? పచ్చగా లేదూ?" పిల్ల, "మరి పచ్చగడ్డి?" అంది. "పచ్చకామెర్లు వస్తే కళ్లు ఏ రంగులోకి తిరుగుతాయే?" అంది అమ్మ. "సిగ్నల్ దగ్గర పచ్చలైటు!" అన్నాడు చిన్నాడు. "మామిడిపండు పచ్చగా మిసమిసలాడుతోంది అనమా?" ఆయన మధ్యలో పచ్చకర్పూరం సంగతి తెచ్చారు, అది రెండు రంగుల్లోనూ లేదు. అందరం ఆయన్ని పట్టించుకోవడం మానేశాం.

నాకు మాత్రం భలే ఆశ్చర్యమేసింది. ఎర్రనిది ఎరుపు, నల్లనిది నలుపు, ఏ తంటా లేదు. పచ్చ దగ్గరకొచ్చేసరికి ఒకే మాటని పసుపుకొమ్ముకీ వరిచేనుకీ పంచేసి హాయిగా బతికేశాం. ఎదురుగా వస్తువుంటే ఎప్పుడూ తికమక లేదు. వస్తువు తీసేసి వట్టి రంగు అడగమంటే వచ్చింది చిక్కంతా. మా అమ్మ డెబ్బై ఏళ్లలో వట్టి రంగుని అడగాల్సిన అవసరం ఇవాళే పడి ఉంటుంది. చివరికి ఒప్పందం: పచ్చ అనే మాట ఆటలో నిషేధం. ఒకటి పసుపు, ఇంకోటి ఆకు. అన్నవాళ్లకి ఒక ముక్క జరిమానా. తర్వాత అరగంటలో ఎక్కువ జరిమానా కట్టింది నేనే.

మధ్యలో పకోడీలు. పకోడీ చేతులతో ముక్కలు ముట్టుకోవద్దని ఆయన ఒక కాలు మీద నిలబడి అందరి చేతులూ తుడిపించారు. అప్పుడే ఆట పుట్టిన కథ చెప్పారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి పక్కన రీడింగ్ అని చిన్న ఊరు. అక్కడ సెలూన్ నడుపుకునే మెర్ల్ రాబిన్స్ అనే ఆయన, ఆయన కొడుకు రే. ఇద్దరూ మామూలు పేకతో క్రేజీ ఎయిట్స్ అనే ఆట ఆడేవారు, అందులో ఎనిమిది ముక్క దేనిమీదైనా పడుతుంది. ఆ ఆట రూలు దగ్గర తండ్రికీ కొడుక్కీ తగువొచ్చింది. తగువుకి తావులేకుండా ఉండాలని 1971లో కొత్త ఆటే తయారుచేసుకున్నారు. ఇంటిల్లిపాదీ కలిసి 8,000 డాలర్లు పోగేసి 5,000 పేకలు అచ్చు వేయించారు. మొదట సెలూన్‌లోనే అమ్మారు. కొన్నాళ్లకి హక్కులు ఇలినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో ఒక జట్టుకి 50,000 డాలర్లకీ, పేకకి 10 సెంట్ల చొప్పున రాయల్టీకీ ఇచ్చేశారు. ఆ జట్టు పెద్ద అంత్యక్రియలు జరిపించే వ్యాపారి. 1992లో మాటెల్ కంపెనీ కొనుక్కుంది.

అమ్మ శ్రద్ధగా విని, "తండ్రీకొడుకులు ముక్కల దగ్గర తగువులాడి కొంప కూల్చుకోవడం చూశాను గానీ, కొంప నిలబెట్టుకోవడం ఇదే వినడం" అంది. తగువుకి తావులేకుండా చేసిన ఆటలో మేం గంటలోపు రెండు తగువులు తెచ్చుకున్నామని ఆయనకి గుర్తుచేశాను.

మొదటి ఆట పిల్ల గెలిచింది. అంతకుముందు చిన్నాడు ఒక ముక్క దాకా వచ్చి ఊనో మరిచిపోతే, అమ్మ వాడి తొడ మీద గిల్లి "అను" అంది. "అమ్మమ్మా, అది తొండి!" "నాకు చీమ కుట్టిందే." ఆ తగువు లెక్కలోకి వేయడంలేదు. వాడా ముక్క వేయలేక మళ్లీ ఒకటి తీసుకున్నాడు, అక్కకి కలిసొచ్చింది.

లెక్క ఇలా: గెలిచినవాళ్లకి మిగతావాళ్ల చేతుల్లో ఉన్నదంతా పోతుంది. అంకెకి అంకె, పేచీ ముక్కకి 20, నల్లదానికి 50. ఎవరు ముందు 500 చేరితే వాళ్లది పైచేయి. అమ్మ పాలలెక్క పుస్తకం చివరి పేజీలో నేను రాశాను. ఆయన చేతిలో ఎనిమిది, ఒక తిరగలి: 28. నా చేతిలో ఐదు, ఐదు, తొమ్మిది, ఒకటి: 20. చిన్నాడి దగ్గర ఒక నల్లది, రెండు: 52. అమ్మ తన మూడు ముక్కలూ బోర్లా పెట్టి, "నాకు లెక్కెందుకులే" అంది. పిల్ల లాక్కుని తిప్పింది. పసుపు మూడు, ప్లస్ ఫోర్, ఇంకో ప్లస్ ఫోర్. 103. పిల్లకి మొత్తం 203, ఒక్క ఆటలో.

"రెండు ప్లస్ ఫోర్లు పెట్టుకుని ఎందుకు వేయలేదు అమ్మమ్మా?"

"ఏవిటో, నాకు తెలీలేదు."

తెలియకపోవడమేంటి, రూలు పిల్లకంటే బాగా అర్థం చేసుకుంది. స్టవ్ దగ్గర టీ పెడుతుంటే మెల్లిగా అడిగాను. గొంతు తగ్గించి, "ఇటు పక్కన అల్లుడుగారు కూర్చున్నారు కదే. ఆయనకి నాలుగు ముక్కలు ఎలా అంటగడతాను? ఏమనుకుంటారు?" అంది. "తిరగలి పడ్డప్పుడు వేయొచ్చుగా?" "అటు పక్కన చిన్నాడు."

పెళ్లై పదిహేనేళ్లయింది. ఆయన ఈ ఇంట్లో లుంగీ కట్టుకుని మామిడిచెట్టెక్కి కాయలు కోస్తారు. అయినా నాలుగు ముక్కల దగ్గర అల్లుడు అల్లుడే.

టీలు తీసుకుని వెళ్లేసరికి రెండో ఆటకి ముక్కలు పంచేశారు. ఆయనకి వంటింట్లో మాట వినబడిందో లేదో నేనడగలేదు, కానీ "నాకిక్కడ వాన జల్లు కొడుతోంది" అంటూ లేచి వెళ్లి పిల్ల అవతల కూర్చున్నారు. అమ్మ ఎడమ పక్కన ఖాళీ. గ్లాసులు పెట్టి నేనక్కడ కూలబడ్డాను. నా ఏడు ముక్కల్లో నాలుగు ఎర్రవి, కిందున్నదీ ఎరుపే. ఇవాళ్టికి ఇదొక్కటి గెలుస్తాననుకున్నాను.

రెండో చుట్టులోనే అమ్మ ముక్క వేసింది. నల్లది, నాలుగుది. "ఆకు" అంది, తడుముకోకుండా.

నిలదీద్దామా అని మొహం చూశాను. చేతిలో ఎరుపుందా లేదా, ఏమీ తెలియనివ్వని మొహం. చిన్నతాతకి ఆ మొహం ఉంటే తోట నిలిచేదేమో. తప్పయితే ఆరు.

"చూస్తావేంటే? కన్నకూతురివి, నీ దగ్గర నాకు మొహమాటమేంటి, తీసుకో."

నాలుగు తీసుకున్నాను. మూడోది శుభలేఖ ముక్క.