కోయనా: నీళ్లు నిండాక నేల కదిలే చోటు

మహారాష్ట్రలోని కరాడ్‌లో రైలు దిగి చిప్లూణ్ బస్సెక్కితే, పాటణ్ దాటాక కోయనానగర్, కోయనా నది మీది డ్యామ్ ఉన్న ఊరు. అనుమతి లేనిదే డ్యామ్ మీదికి పోనివ్వరు. ఎదురు గుట్ట మీది నెహ్రూ ఉద్యానం నుంచి చూడటమే సులువు, నేనూ అదే చేశాను. కావాలనే డిసెంబరులో వెళ్లాను. ఇక్కడ ఏటా కంపాలు రెండుసార్లు ఎక్కువవుతాయి: వానలకు జలాశయం నిండే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒకసారి, డిసెంబరు ప్రాంతంలో మరోసారి.

మొదటిది అర్థమవుతుంది, బరువు పడింది కాబట్టి. నిండిన మూడు నెలలకు నేల మళ్లీ ఎందుకు కదలాలి? నీళ్లు రాతి పగుళ్లలోంచి కిందికి దిగడానికి పట్టే సమయం అది. పగులు రెండు ముఖాలనూ పైనున్న రాతి బరువు అదిమిపెట్టి ఉంచుతుంది. మధ్యలో నీటి ఒత్తిడి పెరిగితే ఆ బిగింపు సడలుతుంది, అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పగులు జారుతుంది. అసలు సంగతి ఆ ‘సిద్ధంగా ఉండటం’లోనే ఉంది. 100 మీటర్ల లోతు నీళ్లు వేసే ఒత్తిడి సుమారు 10 బార్లు (ఒక బార్ అంటే దాదాపు మన మీది గాలి ఒత్తిడి అంత). 5 కిలోమీటర్ల లోతులో రాతి ఒత్తిడి 1,300 బార్ల దాకా ఉంటుంది. అంటే ఒక శాతం కూడా కాదు. కోయనాలో పట్టేది 105 టీఎంసీలు, మన నాగార్జునసాగర్‌లో దాదాపు మూడు రెట్లు. అయినా సాగర్‌ దగ్గర ఇలాంటి భూకంపాలు రాలేదు. నీళ్లెన్ని అన్నదొక్కటే చూస్తే ఈ లెక్క తేలదు.

నీళ్లు నింపడం 1960ల మొదట్లో మొదలైంది, కొద్దికాలానికే చిన్న చిన్న అదుర్లు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 4.21కి 6.3 తీవ్రతతో పెద్దది వచ్చింది, 200 మంది వరకు చనిపోయారు. డ్యామ్ ఎత్తు 103 మీటర్లు. గోడ దిగువ వైపు వాలు ఒక్కసారిగా మారేచోట, పునాది నుంచి సుమారు 66 మీటర్ల ఎత్తులో, పగుళ్లు తేలాయి. కారణం వింతేమీ కాదు: వాలు మారిన మూలలోనే లాగుడు బలం పోగవుతుంది. గోడను కట్టినప్పుడు భూకంపపు కుదుపుకు వేసుకున్న లెక్క గురుత్వ త్వరణంలో 5 శాతం. డ్యామ్‌లోని పరికరం నమోదు చేసింది, గోడ పొడవు దిశలో, 63 శాతం. తర్వాత ఎత్తయిన భాగాలకు దిగువ వైపున ఆనుగోడలు కట్టి బలపరిచారు.

కంపాలు పెరిగాయన్న మాట ఎక్కడ విన్నా ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: నిజంగా పెరిగాయా, పట్టే పరికరాలు పెరిగాయా? కొత్తగా నాలుగు సీస్మోమీటర్లు పెడితే అప్పటిదాకా చిక్కని 1 తీవ్రత కంపాలూ లెక్కకొస్తాయి, పట్టికలో సంఖ్య ఎగబాకుతుంది. అందుకే పాత, కొత్త వ్యవస్థలు రెండూ తప్పక పట్టే తీవ్రత ఒకటి ఎంచుకుని (ఇక్కడైతే 4 అనుకుందాం), అంతకు పైవే పోల్చాలి. తర్వాత క్వారీ పేలుళ్లు తీసేయాలి. అవి పగటిపూట, దాదాపు ఒకే వేళకు వస్తాయి. పేలుడుకు చుట్టూ ఉన్న నమోదు కేంద్రాలన్నిట్లో మొదటి కదలిక పైకే ఉంటుంది. పగులు జారితే కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి. దూరం తెలియాలంటే ముందు చేరే పి అలకు, వెనక చేరే ఎస్ అలకు మధ్య సెకన్లను 8తో గుణిస్తే కిలోమీటర్లు. 3 సెకన్లయితే 24 కిలోమీటర్లు. వేర్వేరు నమోదు కేంద్రాలకు అల చేరిన వేళలు పోల్చి చోటు తేల్చేటప్పుడు మాత్రం ఒక కేంద్రం గడియారం ఒక్క సెకను తప్పినా కంపం చోటు కిలోమీటర్ల కొద్దీ పక్కకు పోవచ్చు, అందుకే గడియారాన్ని జీపీఎస్ సమయంతో సరిచూడాలి.

జలాశయాల వల్ల వచ్చే ఈ కంపాలు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు దశాబ్దాలుగా పట్టుకున్న విషయం. హర్ష్ గుప్తా, తోటి శాస్త్రవేత్తలు కోయనాకు మూడు లెక్కలు చూడమన్నారు: నీటిమట్టం పాత గరిష్ఠాన్ని దాటిందా, పై మట్టంలో ఎన్నాళ్లు నిలిచింది, వారంలో ఎంత పెరిగింది. 5 తీవ్రత కంపాలకు ముందు వారానికి 12 మీటర్ల పెరుగుదల కనిపించిందని వాళ్ల పరిశీలన. ఆనకట్టల ఇంజనీర్లకు చేతికందే సంఖ్య అది, గేట్లతో దాన్ని కొంత మార్చుకోవచ్చు. అయితే అంత వేగంగా నిండిన ప్రతిసారీ పెద్దది రాదు.

దక్షిణాన వార్ణా జలాశయం 1985 నుంచి నిండుతూ వచ్చాక కంపాలు అటూ పాకాయి. కొండదారిలో గోఠణే దగ్గర 3 కిలోమీటర్ల లోతు బోరు 2017లో పూర్తయింది. బసాల్ట్ పొరల కింద నేరుగా గ్రానైటే తగిలింది, మధ్యలో మట్టి పొర లేదు. ఆ పని చూసే ప్రయోగశాల కరాడ్‌లో ఉంది. కంపాలు పట్టే పరికరాన్ని బోరులో లోతున పెట్టడం ఎందుకంటే, పైన పెడితే లారీ వెళ్లినా, గాలికి చెట్టు ఊగినా నమోదులో పడుతుంది. లోతున ఆ గోల ఉండదు.

మామూలుగా జలాశయం నిండాక వచ్చే కంపాలు కొన్నేళ్లకు సద్దుమణుగుతాయి. ఇక్కడ అరవై ఏళ్లు దాటినా ఆగలేదు. ఏటా నీళ్లు ఎక్కీ దిగీ పగుళ్లను కదుపుతూనే ఉన్నాయన్నది నాకు నమ్మదగ్గ కారణం. మీరు వెళ్తే ఫోన్‌లో ‘భూకంప్’ యాప్ వేసుకోండి, రాత్రి ఉండేలా చూసుకోండి. పగటి రొదలో చిన్న అదురు ఎవరికీ తెలియదు, రాత్రి మంచం మీద ఉన్నవాళ్లకు తెలుస్తుంది.