బీజీ చేతిలో ఆగిపోయిన రొట్టెల కర్ర

ఈ సాయంత్రం కింద వాటాలో ఉండే పంజాబీ పెద్దావిడ బీజీ రొట్టెలు ఒత్తుతూ ఒత్తుతూ ఆగిపోయారు. నా ఫోన్‌లో పంజాబీ జానపద గాయని సురీందర్ కౌర్ పాట మొదలైంది, అంతే. పెనం మీద రొట్టె మాడుతోంది. స్టవ్ నేనే కట్టేశాను.

"మా అమ్మ పాడేది" అన్నారు. అదీ పాట అయిపోయాకే.

తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని మనసు విప్పుకునే పాట అది. 1943లో అక్క ప్రకాశ్ కౌర్‌తో కలిసి సురీందర్ ఇచ్చిన మొదటి రికార్డు. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు! ఆ గొంతులో ఎక్కడా చిన్నపిల్ల వినిపించదు.

నాలుగేళ్లకి దేశం రెండైంది. పుట్టిన లాహోర్ అవతలే ఉండిపోయింది. బొంబాయిలో కొన్నాళ్లు సినిమాలకు పాడి, ఢిల్లీ వచ్చేసి, పంజాబీ జానపదానికే గొంతు ఇచ్చేశారు. పెళ్లిపాటలు, అత్తింటి దిగులు, సూఫీ కవి బుల్లే షా 'కాఫీ' పాటలు. తర్వాత కూతురు డాలీ గులేరియా కూడా అమ్మ పక్కన నిలబడి పాడింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

2006లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది జూన్‌లో పోయారు, ఎక్కడో న్యూజెర్సీలో. లాహోర్ నుంచి ఎంత దూరం!

"ఇంకోసారి పెట్టు బేటా" అన్నారు బీజీ. పెట్టాను. ఈసారి ఆవిడ కూడా సన్నగా గొంతు కలిపారు.

పైకొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, అమ్మమ్మ పాడే అప్పగింతల పాట గుర్తుందా?" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది.