ఈక్విలిబ్రియం, కేఎస్‌పీ: రెండూ కలిపి చదివిన నా ప్రిపరేషన్

ఫ్రెండ్స్, కెమిస్ట్రీలో ఈక్విలిబ్రియం (రియాక్షన్ ముందుకీ వెనక్కీ ఒకే వేగంతో జరిగే స్థితి) అనగానే చాయిస్‌లో వదిలేద్దాం అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, ప్లీజ్ అలా వదలకండి, ఇది మార్కులు వచ్చే చాప్టర్. నేనైతే కెమికల్ ఈక్విలిబ్రియం, సాల్యుబిలిటీ ప్రొడక్ట్ (కేఎస్‌పీ, అంటే తక్కువగా కరిగే సాల్ట్‌కి ఉండే కే) రెండిటినీ పక్కపక్కనే పెట్టుకుని చదివా, ఎందుకంటే రెండిట్లోనూ చూసుకోవాల్సింది ఒకటే: ఇప్పుడు క్యూ (ప్రొడక్ట్‌ల కాన్సన్‌ట్రేషన్లు పైన, రియాక్టెంట్లవి కింద పెట్టిన నిష్పత్తి) ఎంతుంది, ఆ టెంపరేచర్‌లో కే (ఈక్విలిబ్రియం దగ్గర అదే నిష్పత్తి) ఎంత. క్యూ తక్కువుంటే రియాక్షన్ ముందుకి పోతుంది, ఎక్కువుంటే వెనక్కి. అదే సాల్ట్ దగ్గరికొస్తే క్యూ (ఇక్కడ అయాన్ల కాన్సన్‌ట్రేషన్ల లబ్ధం) కేఎస్‌పీ దాటితే ప్రెసిపిటేట్, అంటే కరగని ఘనపదార్థం పడుతుంది, దాటకపోతే పడదు, అంతే.

లే షాటెలియర్ రూల్ (ఈక్విలిబ్రియంని కదిలిస్తే ఆ మార్పుని తగ్గించే వైపు జరుగుతుందనేది) బట్టీ పట్టే బదులు దాన్ని కూడా క్యూతో చెక్ చేసుకోండి. అమోనియా తయారీ తీసుకోండి, 1 నైట్రోజన్, 3 హైడ్రోజన్ కలిసి 2 అమోనియా. వాల్యూమ్ సగం చేస్తే అన్ని కాన్సన్‌ట్రేషన్లూ డబుల్ అవుతాయి, పైన 4 రెట్లు, కింద 16 రెట్లు, అంటే క్యూ కేలో నాలుగో వంతుకి పడిపోయింది, కాబట్టి ముందుకే జరగాలి. వాల్యూమ్ మార్చకుండా ఆర్గాన్ కలిపితే ఏ కాన్సన్‌ట్రేషనూ మారదు, క్యూ మారదు, షిఫ్ట్ లేదు. కే విలువని మార్చేది టెంపరేచర్ ఒక్కటే, కేటలిస్ట్ వేసినా త్వరగా ఈక్విలిబ్రియంకి చేరుతుంది తప్ప కే అలాగే ఉంటుంది.

ఇక ఎగ్జామినర్‌కి బాగా ఇష్టమైన చోటు చెప్తా, జాగ్రత్తగా చూడండి. 2 × 10⁻⁵ మోలార్ సిల్వర్ నైట్రేట్, అంతే మోలార్ సోడియం క్లోరైడ్, సమాన వాల్యూమ్‌లు కలిపారు, సిల్వర్ క్లోరైడ్ కేఎస్‌పీ 1.8 × 10⁻¹⁰, ప్రెసిపిటేట్ పడుతుందా? ఇచ్చిన నంబర్లు అలాగే గుణిస్తే 4 × 10⁻¹⁰ వచ్చి పడుతుందనిపిస్తుంది, కానీ కలపగానే వాల్యూమ్ రెట్టింపైంది కదా, ఒక్కోటి 1 × 10⁻⁵ అయిపోయింది, క్యూ 1 × 10⁻¹⁰ మాత్రమే, అంటే పడదు. "సమాన వాల్యూమ్" అన్న మాట కనబడగానే ముందు సగం చేసేయండి, తర్వాతే లెక్క.

ఇంకోటి, కేఎస్‌పీ తక్కువున్నది తక్కువ కరుగుతుందని కళ్ళు మూసుకుని టిక్ పెట్టకండి. సిల్వర్ క్రోమేట్ కేఎస్‌పీ సుమారు 1.1 × 10⁻¹², సిల్వర్ క్లోరైడ్ కన్నా చాలా చిన్నది. కానీ దాంట్లో సిల్వర్ అయాన్లు రెండు, కేఎస్‌పీ అంటే 4ఎస్ క్యూబ్ (ఎస్ అంటే సాల్యుబిలిటీ, ఎంత కరుగుతుందనేది), క్యూబ్ రూట్ తీస్తే ఎస్ దాదాపు 6.5 × 10⁻⁵ వస్తుంది, సిల్వర్ క్లోరైడ్‌ది స్క్వేర్ రూట్ కాబట్టి 1.3 × 10⁻⁵ దగ్గరే ఆగిపోతుంది. క్లోరైడ్ టైట్రేషన్‌లో క్రోమేట్‌ని ఇండికేటర్‌గా వాడటం నిలబడింది దీనిమీదే, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తుంటే మొదట తెల్లగా సిల్వర్ క్లోరైడ్ పడుతూ ఉంటుంది, క్లోరైడ్ దాదాపు అయిపోయాకే సిల్వర్ క్రోమేట్ ఇటుక రంగు నిలుస్తుంది. ల్యాబ్‌లో ఇది చూసే చాన్స్ వస్తే అస్సలు మిస్ అవ్వద్దు, ఆ రంగు మారే క్షణంలో చాప్టర్ మొత్తం కళ్ళముందే ఉంటుంది.

కామన్ అయాన్ (సాల్ట్‌లోని అయానే ద్రావణంలో ముందే ఉండటం) లెక్కలు ఈజీయే, 0.1 మోలార్ సోడియం క్లోరైడ్‌లో సిల్వర్ క్లోరైడ్ ఎస్ 1.8 × 10⁻⁹, నీళ్ళతో పోలిస్తే ఏడు వేల రెట్లకి పైగా తగ్గింది, కేఎస్‌పీ మాత్రం మారలేదు. అడుగున ఉన్న ఘనపదార్థం ఇంకొంచెం వేసినా సాల్యుబిలిటీ పెరగదు, ఒక మార్కు బిట్లలో ఇది అడుగుతారు.

ప్రాక్టీస్‌కి వచ్చేసరికి ముందు క్యూ కనుక్కునే లెక్కలు, తర్వాత కామన్ అయాన్, చివర్లో పీహెచ్ కలిసినవి చేయండి, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ యాసిడ్‌లో ఎందుకు కరుగుతుందో అప్పటికి మీరే చెప్పేస్తారు, హైడ్రాక్సైడ్ అయాన్లు ఖర్చైపోతుంటే క్యూ పడిపోతుంది కదా.