మగపిల్లికి మూత్రం బందైతే

పిల్లి తన ఇసుక ట్రేలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంటే చూసినవాళ్ళకు ముందు తట్టేది మలబద్ధకమే. మా పిల్లి ఎర్రోణ్ణి నల్గొండలో మొదట చూపించిన చోట కూడా అదే అన్నారు. అక్కడి మనిషి పొట్ట మీద చెయ్యన్నా పెట్టలేదు. "కడుపు కట్టింది, ఇంత ఆముదం పొయ్యిండ్రి, పొద్దుగాలకు సాఫైతది" అన్నడు. ఆ మాట మీద కోపం నాకింకా దిగలేదు. వాంతులు చేసుకుంటున్న పిల్లి నోట్లో బలవంతంగా నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మూత్రం మాత్రం చుక్క కదలదు.

మలబద్ధకానికీ మూత్రం బందవడానికీ తేడా కనిపెట్టాలంటే ట్రేలో ఇసుక చూడాలి. మలబద్ధకమున్న పిల్లి మూత్రం మామూలుగానే పోస్తుంది, ఇసుక గడ్డకడుతుంది. దారి మూసుకుపోయిన పిల్లి ఎన్నిసార్లు కూర్చున్నా ఇసుక పొడిగానే ఉంటుంది, లేదంటే నెత్తురు కలిసిన ఒకటి రెండు చుక్కలు కనబడతాయి. మూత్రం వచ్చే చోట అదేపనిగా నాకుతుంది, అరుస్తుంది, తిండి ముట్టదు. వెనక కాళ్ళ ముందు, పొట్ట అడుగున మెల్లగా తాకితే మూత్రాశయం బత్తాయిలా గట్టిగా తగులుతుంది. తాకి వదిలేయాలి. నొక్కితే పగిలిపోవచ్చు. మగపిల్లి మూత్రనాళం పొడుగు, చివరన మరీ సన్నం. జిగురు, స్ట్రువైట్ అనే లవణం స్ఫటికాల పొడి కలిసి అక్కడే బిరడా పడుతుంది. ఒక్కోసారి ఏ బిరడా లేకున్నా వాపుకే నాళం బిగుసుకుంటుంది.

ప్రాణం తీసేది పొటాషియం. బయటికి పోవాల్సింది రక్తంలోనే పేరుకుని గుండె కొట్టుకునే వేగాన్ని తగ్గించేస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి పోవచ్చు.

ఆ రాత్రి హైదరాబాద్‌కు కారులో పోతూ నార్కట్‌పల్లి దాటేసరికి ఎర్రోడు అరవడం మానేశాడు. నొప్పి తగ్గిందేమో అనిపిస్తుంది కానీ ఈ జబ్బులో అలా సల్లబడటమే అన్నిటికన్నా చెడ్డ గుర్తు. చెవులు, పాదాలు చల్లగా తగిలాయి. పిల్లి గుండె నిమిషానికి 140కి పైన కొట్టుకోవాలి. చంక కింద వేళ్ళు పెట్టి లెక్కపెడితే అంతకు చాలా తక్కువే వచ్చింది. అమ్మ చెరువుగట్టు గుడి దిక్కు తిరిగి "రామలింగేశ్వరా, వీణ్ణి బతికియ్యి, కొబ్బరికాయ కొడత" అని మొక్కింది. చిట్యాల, చౌటుప్పల్ ఎట్లా దాటామో, ఎల్‌బీ నగర్ ఎప్పుడొచ్చిందో చెప్పలేను.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ అడిగింది ఒక్కటే: "చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది?" గుండెను కాపాడటానికి ముందు కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించారు. పొటాషియం దింపడానికి ఇన్సులిన్, దానితోపాటు గ్లూకోజ్. తర్వాత మత్తిచ్చి మూత్రం దారిలో సన్నటి పైపు (కాథెటర్) వేసి, సెలైన్‌తో కడిగారు. ఆ చేతులకు దండం పెట్టాలి.

పైపు పడ్డాక గండం గడిచిందనుకుంటారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. అడ్డం తీశాక కిడ్నీలు ఒక్కసారిగా నీళ్ళు వదిలేస్తాయి. కిలో బరువుకు గంటకు 1 నుంచి 2 మిల్లీలీటర్లు రావాల్సిన మూత్రం అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. సంచిలో పడేది కొలిచి, దానికి తగ్గట్టు సెలైన్ పెంచకపోతే పిల్లి ఎండిపోతుంది. పైపు తీసిన మొదటి వారంలోనే మళ్ళీ మూసుకునే భయం ఎక్కువ. అందుకే రోజూ ట్రేలో తడి గడ్డలు లెక్కపెట్టాలి.

నొప్పి అని పారాసెటమాల్ వేసేవాళ్ళున్నారు. పిల్లి కాలేయం దాన్ని విరచలేదు, ఎర్ర రక్తకణాలు పాడై చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. సగం గోళీ కూడా చంపగలదు. ఇక మన దగ్గర ప్రతి జబ్బుకూ నల్గొండ నీళ్ళ మీదే నింద. ఫ్లోరైడ్ ఎముకలనూ పళ్ళనూ తింటుంది, నిజమే. కానీ స్ట్రువైట్ అయ్యేది మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్‌లతో. ఉత్త ఎండు గింజల తిండి, తక్కువ నీళ్ళు, ఇంట్లో గడబిడ, కొత్త పిల్లి రావడం, వీటిని చూడాలి. తడి తిండి పెట్టండి, అందులోనే ఇంకొంచెం నీళ్ళు కలపండి. నీళ్ళ గిన్నెలు ఒకటికి రెండు పెట్టండి. స్ట్రువైట్‌ను ప్రత్యేక ఆహారంతో కరిగించవచ్చు, కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు మాత్రం కరగవు. మాటిమాటికీ మూసుకుంటుంటే నాళం చివర సన్నటి భాగం తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది.

బయల్దేరే ముందు ఫోన్ చేసి "మగపిల్లికి మూత్రం బందైంది, ఇప్పుడే కాథెటర్ వేస్తరా, పొటాషియం చూస్తరా" అని అడగండి. పొద్దున రమ్మంటే ఇంకో నంబరు కలపండి.