రోడ్డు చూపించు, వెళతాను

గత ఆదివారం అక్కయ్యపాలెంలో మా ఇంట్లో భోజనాలయ్యాక బావగారు నవ్వుతూ “ఏవయ్యా, మీ విమానాలకి ఇంకా ఫ్యాన్లే తిరుగుతున్నాయా?” అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం చురుక్కుమంది, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేసి ఆయనతో వాదనకి దిగాను. ఆయన తప్పేమీ లేదు. సరిగ్గా ఆ మాటే, ఉద్యోగానికి పాపువా న్యూగినీ వెళ్ళిన మొదటి ఏడాదిలో, దాని రాజధాని పోర్ట్ మోర్స్‌బీ ఎయిర్‌పోర్టులో నేనూ అన్నాను.

ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న ఆ దేశంలో ఒక హోల్‌సేల్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. స్టాకు లెక్కలకి కొండ ప్రాంతంలోని మౌంట్ హాగెన్ బ్రాంచికి వెళుతున్నాం, పక్కన మా స్టోర్స్ సూపర్‌వైజరు, హాగెన్ వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆ దేశపు ప్రభుత్వ విమాన కంపెనీ ఎయిర్ న్యూగినీ వాళ్ళ డాష్-8 అనే ప్రొపెల్లర్ విమానం వైపు నడుస్తూ “దేశం మొత్తానికి ఇంత చిన్న ఎయిర్‌లైన్సా, అదీ ఫ్యాన్ల విమానమా” అన్నాను. ఆయన ఆగిపోయాడు. మీ ఊరి నుంచి పెద్ద సిటీకి ఎలా వెళతావని అడిగాడు. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదులో దిగుతామన్నాను. “ఇక్కణ్ణించి మా ఊరికి రోడ్డు చూపించు, రేపటి నుంచి దాని మీదే వెళతాను” అన్నాడు. హాగెన్‌లో దిగేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

నిజంగానే రోడ్డు లేదు. రాజధాని నుంచి లేయ్ నగరానికి లేదు, కొండ ప్రాంతాలకి లేదు, మధ్యలో ఓవెన్ స్టాన్లీ పర్వతాలు అడ్డం. 1930ల్లో బులోలో అనే చోట బంగారం కోసం డ్రెడ్జర్లను, అంటే నేలను తవ్వితీసే భారీ యంత్రాలను, ముక్కలుగా విప్పి మూడు ఇంజన్ల యుంకర్స్ విమానాల్లో మోసింది కూడా దారి లేకే. ఎయిర్ న్యూగినీ 1973 నవంబరు 1న పుట్టింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1975 సెప్టెంబరులో. మొదట్లో ప్రభుత్వానిది 60 శాతం వాటా, మిగతాది ఆస్ట్రేలియా విమాన కంపెనీలది, తర్వాత అదీ కొనేశారు. అప్పటి విమానాలు డీసీ-3లు, ఫోకర్ ఫ్రెండ్‌షిప్‌లు, అవీ ఫ్యాన్లవే. కొండల మధ్య పొట్టి రన్‌వేల మీద దిగి లేవడానికి ఆ ఫ్యాన్లే పనికొస్తాయి.

బావగారు ఊరుకోలేదు, ఒకటి సముద్రంలో పడిందటగా అన్నారు. పడింది. 2018 సెప్టెంబరులో మైక్రోనీషియా దేశంలోని చూక్ దీవుల దగ్గర, 47 మందితో, రన్‌వేకి ముందే. పైలట్లు హెచ్చరికలు పట్టించుకోలేదని దర్యాప్తులో తేలింది, ఒకాయన చనిపోయాడు, మిగతావాళ్ళని పడవల్లో వచ్చి కాపాడారు. దాన్ని నేను సమర్థించను. కానీ ఆ ఒక్కటి చూసి అంతటినీ తీసిపారేస్తే ఒప్పుకోలేను.

ఎందుకంటే నా కళ్ళ ముందు ఉన్నది వేరు. హాగెన్ కౌంటర్లో ఒక ముసలావిడ బిలుం నిండా చిలగడదుంపలు తెచ్చింది. బిలుం అంటే చేత్తో అల్లిన సంచి, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని వీపు మీద మోస్తారు. కౌంటరు కుర్రాడు దాన్ని కాటా మీద పెట్టి, ఊడిపోతున్న ముడి విప్పి, జారిన దుంపలు ఒక్కొక్కటే లోపలికి సర్ది, మళ్ళీ గట్టిగా కట్టి ఇచ్చాడు. వెనక క్యూలో ఎవరూ విసుక్కోలేదు. ఎనిమిది వందలకు పైగా భాషలున్న దేశంలో ఒకే భాషవాణ్ణి “వాన్‌టోక్” అంటారు, ఆ కుర్రాడు ఆవిడకి వాన్‌టోక్ కూడా కాదని సూపర్‌వైజరు చెప్పాడు.

అప్పటి నుంచీ ఒకటే తొలుస్తోంది. రైలుందని గొప్పగా చెప్పానే, మన పాడేరు ఏజెన్సీలో నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఆయనకి చెప్పలేదు. విశాఖ నుంచి మూడు నాలుగు గంటల దూరంలోనే కదా అవి! అక్కడా కొండలే, ఇక్కడా కొండలే. వాళ్ళు కనీసం రోడ్డు లేదని ఒప్పుకుని దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్నారు. ఇది రాస్తుంటే మన ఊరిని తక్కువ చేస్తున్నానేమోనని మనసు ఒప్పడం లేదు, ఈ బీచ్ గాలికి ఏడాదంతా మొహం వాచిపోయి ఉంటాను నేను. అయినా ఆ మాట నిజం.

వచ్చే వారం సింగపూర్ మీదుగా తిరుగు ప్రయాణం. సూపర్‌వైజరు ఇంటి వెనక కాఫీ తోట ఉంది, అయినా మన అరకు కాఫీ ఎలా ఉంటుందో చూడాలన్నాడు. రెండు పొట్లాలు కొని బట్టల మధ్య సర్దాను.